ఐదింటికి మిషను మూత

సూర్యాపేటలో మా ముందు గదిలో ఇరవై రెండేళ్లుగా జాకెట్లు కుడుతున్నాను. ఎవరి భుజం ఎంతో, ఎవరి నడుము ఏ పెళ్లినాటికి ఎంత పెరిగిందో నాకు కంఠతా వచ్చు. నా కొలతలే ఎవరూ తీయలేదు. మిగిలిన గుడ్డతో, మిగిలిన పొద్దులో నాకు కుట్టుకున్నవన్నీ ఎక్కడో ఒకచోట పట్టేసేవి.

పోయినేడు దారం కొనుక్కొని వస్తుంటే కాలేజీ గ్రౌండులో ఆడవాళ్లు షటిల్ ఆడుతున్నారు. కోదాడ బడిలో ఖోఖోకు నన్ను మించి ఉరికినవాళ్లు లేరు. పెళ్లయ్యాక బస్సు కోసం కూడా ఉరకలేదు. ఇంటికొచ్చి కటింగు బల్ల మీద సుద్దతో రాశాను: ఐదింటికి మిషను మూత. బతుకంతా ఎట్లా ఉండాలో గీయడం నాకు చేతకాదు. ఈ ఒక్క గీత చాలు, మిగతా రోజును దానికి తగ్గట్టు కోసుకుంటాననుకున్నాను. పొద్దున్నే కటింగులు. మధ్యాహ్నం సీరియల్ బంద్. "ఒక్క హుక్కే కదక్కా" అని ఐదుకు ఐదు నిమిషాల ముందు వచ్చేవాళ్లకు "రేపు రాండ్రి".

నా కొలతలు మా ఆయనతో తీయించుకున్నాను. ఆటో నడిపే మనిషి, టేపు తలకిందులుగా పట్టి నా నడుము ఇరవై ఆరన్నాడు. నవ్వలేక చచ్చాను. మళ్లీ తీయించుకుని, నా ఒంటికి సరిపోయే డ్రెస్సు మొదటిసారి కుట్టుకున్నాను.

ఐదు నెలలు రోజూ సాయంత్రం గంటన్నర ఆ ఆడవాళ్లతో ఆడాను. అప్పుడు మిర్యాలగూడ నుంచి మా ఆయన అక్క దిగింది. బిడ్డ పెళ్లికి ఎనిమిది జాకెట్ల గుడ్డలు, కొలతకు ఆదిగా ఆ పిల్లదే ఒక పాత జాకెట్టు తెచ్చింది.

"ఐదింటి దాకనే కుడత వదినా."

"ఇంటోళ్లకు గూడ టైమేంది పిల్లా?"

లొంగిపోయాను. నాలుగు సాయంత్రాలు గ్రౌండు మానేసి లోపల ఉడికిపోతూ కుట్టాను. ఆ కోపంలో, ఏ టైలరైనా ముందు అడిగే మాట అడగనే లేదు: ఈ ఆది ఇప్పుడు సరిపోతున్నదా?

వారానికి వదిన మళ్లీ వచ్చింది. వెంట పెళ్లిపిల్ల, ఒంటి మీద నేను కుట్టిన జాకెట్టు. ఊపిరాడక మొహం కందిపోయింది.

"ఎనిమిదీ గిట్లనే. నీ మనసంత ఆటల మీదున్నది!"

"తప్పు నాదే వదినా. ఆది ఎప్పటిదో అడగకుండ కోసిన. లోపల గుడ్డ వదిలిన, అన్నీ విప్పి సరిచేస్త."

టేపు తీసి పిల్లనే కొలిచాను. నా చెవి దగ్గర మెల్లగా అంది: "అది నా ఇంటర్‌ల జాకెట్టు అత్తమ్మా. పడ్తలేదంటే అమ్మ ఇన్లే."

నాకు ఒళ్లు మండింది. వదిన మీద కాదు, నా మీద. పద్దెనిమిదో ఏట పెళ్లప్పుడు ఎవరో చేతిలో పెట్టిన ఆదితోనే ఇన్నేళ్లూ నా రోజులు కోసుకున్నాను. దొరక్క దొరికిన గంటన్నర కూడా ఒక్క మాటకు వదిలేశాను.

ఐదయింది. మిషను మీద మూత పెట్టాను.

"ఏడికి? పెండ్లి పని ముందల పెట్టుకొని ఆటలా? ఈ వయసుల సిగ్గు లేదా?"

"ఉన్నది వదినా. ఆ నాలుగు రోజులు పోనందుకు సిగ్గున్నది. నీ పని పొద్దుగాల మొదలుపెడ్త. చాయ్ పెట్టుకొని తాగు."

బూట్లు తొడుక్కుని గేటు దాటేసరికి వెనక పిల్ల. "అత్తమ్మా, నేను సూడనికొస్త."

"సూసుడెందుకు? ఇంకో బ్యాటున్నది."

"పెండ్లిపిల్లవే! ఎండల నల్లగైతవే!" వదిన గడపలోంచి అరుస్తూనే ఉంది.

గ్రౌండులో పిల్ల కొంగు నడుముకు చెక్కింది. చెయ్యెత్తి కొట్టిన మొదటి దెబ్బకే చంకలో కుట్టు ఫట్టుమని పిగిలింది. బిక్కమొహంతో నా వంక చూసింది.

"పిగలనీ బిడ్డా. ఎట్లన్న విప్పేదే. కొట్టు."