మబ్బును తిట్టిన ప్లేటు

ఆ యేడు మా ఇంటికి ఆరు ప్లేట్లు వచ్చాయి. అన్నం తినే ప్లేట్లు కావు, పాటలవి. గ్రామఫోను పెట్టెకు చావి తిప్పి, ముల్లు ఆనిస్తే పాడే నల్లటి ప్లేట్లు. వాటిల్లో ఏది మంచిదని మా వాడలో ఎవరిని అడిగినా ఒకటే మాట చెప్పేవాళ్లు, ఎందుకంటే అందరూ మా యారాలు చెప్పిందే చెప్పేవాళ్లు. నన్ను ఒక్కరూ అడగలేదు. ఆ కోపం నాకు ఇంకా చల్లారలేదు కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను.

యారాలు అంటే మా మరిది పెళ్లాం. మాది అచ్చంపేట దగ్గర గొర్లు మేపుకునే ఇల్లు, ఆమెది కొల్లాపూర్. ఆమె నాయిన అక్కడ దొరల బంగ్లాలో పనిచేసేవాడు. బంగ్లా సామాను అమ్ముతున్నప్పుడు ఒక పాత గ్రామఫోను తెచ్చుకుని, బిడ్డ కాపురానికి వచ్చేటప్పుడు బండిలో పెట్టి పంపాడు. నేను పుట్టింటి నుంచి తెచ్చుకున్నది ఒక ఇత్తడి బిందె. బిందె పాడదు కదా. నేను ఏళ్ల తరబడి ఊడ్చి అలికిన ఇల్లు, ఆమె వచ్చిన వారానికే ‘పాటల పెట్టె ఇల్లు’ అయిపోయింది.

అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందంట వెనకటికి ఒకామె. ఆమెను నేను తప్పు పట్టను. మా యారాలు నవ్వను కూడా నవ్వేది కాదు. పొద్దుగూకే వేళకు వాకిట్లో చాప పరిచి పెట్టె మూత తీసేది, అంతే. వాడలో ఆడవాళ్లంతా ఆమె చుట్టూ చేరేవాళ్లు. వాళ్లకు మంచినీళ్లు ఇచ్చేది నేను.

ఆ ఆరు ప్లేట్లూ ఉన్ని అమ్మిన పైసలతో మా మరిది పట్నం నుంచి తెచ్చాడు. ఒకటి సినిమా జంట పాట, అది వేస్తే పిల్లలు ఎగిరేవాళ్లు. ఒకటి ఇద్దరు తాగుబోతులు కీచులాడుకునే హాస్యం. మా అత్త ఎన్నిసార్లు విన్నా మొదటిసారి విన్నట్టే నవ్వేది. సన్నాయి ప్లేటు ఒకటి. దేవుడి పాట ఒకటి, దాని అంచు దారిలోనే విరిగింది. ఇంకోదాంట్లో ఒకాయన గొంతు చించుకుని పద్యాలు చదివేవాడు, అవి ఎవరికీ అర్థమయ్యేవి కావు.

ఆరోది ఒక ఆడమనిషి పాట. వెనక తంబూర తప్ప ఏమీ లేదు. ఎండిన చేను గట్టు మీద నిలబడి ఆమె మబ్బును తిడుతుంది. ముందు పక్క అంతా తిట్లే. ప్లేటు తిప్పి వేస్తే వెనక పక్కన వాన వస్తుంది. అదే గొంతు మెత్తబడి, తిట్టిన నోటితోనే మబ్బును ఇంటికి పిలుస్తుంది. మా పాలమూరు దిక్కు మబ్బును తిట్టని ఆడది లేదు. కానీ అంత శ్రుతిగా తిట్టొచ్చని నాకు అప్పటిదాకా తెలియదు.

వాడలో వాళ్లకు అది నచ్చలేదు. “ఏడుపు పాట, తియ్యి పిల్లా” అనేవాళ్లు. యారాలు వెంటనే తీసేది. గాడిదకేం తెలుసు గంధపు పొడి వాసన అనుకునేదాన్ని. “జర గా ప్లేటు పెట్టు చెల్లె” అని నేను అడిగితే పెట్టేదే. కానీ నేను అడగను. అడిగితే ఆమె ఇచ్చే మనిషి, నేను చెయ్యి చాచే మనిషి అవుతాం. మధ్యాహ్నం పూట ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఎందుకో ఆమె అదే వేసేది. నేను పెరట్లో జొన్నలు దంచుతూ చెవి అటు పెట్టేదాన్ని. తర్వాత దొడ్డి ఊడుస్తూ పాట మొత్తం పాడుకునేదాన్ని. గొర్లు ఎవరికీ చెప్పవని నా ధైర్యం.

ఏడాది తిరగకముందే అన్నదమ్ములు వేరు పడ్డారు. కొట్లాటేమీ లేదు, ఇల్లు సరిపోలేదు. మాలో వేరు పడితే ఒక పద్ధతి ఉంది. పెద్దవాడు పాళ్లు వెయ్యాలి, చిన్నవాడు కోరుకోవాలి. ఎక్కువ తెలివికి పోయి ఒక పాలు బాగా వేస్తే తమ్ముడు అదే పట్టుకుపోతాడు. అందుకని మా ఆయన పొద్దంతా దొడ్లో నిలబడి, ఇటు మంచి పొట్టేలు పడితే అటు రెండు చూడి గొర్రెలు వేస్తూ మందను సమంగా చీల్చాడు. చివరికి గ్రామఫోను మాట వచ్చింది.

“పెట్టె చిన్నకోడలు పుట్టింటి సొమ్ము, దాని జోలికి పోవద్దు,” అన్నాడు కులపెద్ద. “ప్లేట్లు మంద ఉన్నితోని ఒచ్చినయి. పెద్దకోడలు పాళ్లు ఎయ్యాలె, చిన్నకోడలు కోరుకోవాలె.”

“పెట్టె లేకుంట ప్లేట్లేం జేస్కుంటవే?” అని మా ఆయన నా చెవిలో గొణిగాడు. నాకు ఆ మబ్బు ప్లేటు కావాలి, అంతే. అది నాకు పాడకపోయినా ఫికర్ లేదు, ఆమెకు పాడకపోతే చాలు. అప్పటికి నాకు అక్షరాలు రావు, ప్లేట్ల మీది గీతలు చూసి గుర్తుపట్టేదాన్ని. మొగుడు గొర్రెలకు చూపిన న్యాయం నేను చూపలేదు. జంట పాట, తాగుబోతులు, సన్నాయి ఒక కుప్ప వేశాను. అంచు విరిగిన దేవుడి పాట, గొంతు చించుకునే పద్యాలు ఇంకో కుప్ప, ఆ రెండింటి నడుమ నా మబ్బు ప్లేటు దాచాను. తెలివున్న ఏ మనిషైనా మొదటి కుప్పే తీసుకుంటుంది.

యారాలు వచ్చి కూర్చుంది. ఆమె చెయ్యి మంచి కుప్ప మీదికే పోయింది. నా చూపు రెండో కుప్ప మీద పడితే పసిగడుతుందని నేను ఇంటి దూలం వైపు చూస్తూ నిలబడ్డాను. ఆమె ఒక్కసారి తలెత్తి నన్ను చూసింది. చెయ్యి తీసి రెండో కుప్ప మీద వేసింది. “నాకు గివి చాలు,” అన్నది.

“ఎంత పెద్ద మనసు! మంచియన్ని అక్కకు ఇడిసిపెట్టింది,” అన్నారు చుట్టూ ఉన్నవాళ్లు. ప్లేటూ పోయింది, మంచిపేరూ ఆమెకే పోయింది.

వాళ్లు ఊరి బయట దొడ్డి అవతల కొత్త గుడిసె వేసుకుని పోయారు. అత్త మా దగ్గరే ఉంది. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టు, ముగ్గురు మొనగాళ్ల లాంటి ప్లేట్లు నా గూట్లో మూగగా పడి ఉన్నాయి. కొన్నాళ్లు చూసి అత్త తాగుబోతుల ప్లేటును చల్లకుండ మీద మూత పెట్టింది. “నడుమ బెజ్జమున్నది, గాలాడ్తది,” అన్నది.

పొద్దుగూకితే గాలి అటు నుంచి వీచేది. గాలితో పాటు మబ్బు పాట ముక్కలు ముక్కలుగా వచ్చేది. రోజూ అదే పాట. నన్ను ఉడికించడానికే వేస్తున్నదని నాకు అనుమానమే లేదు. తలుపు వేసేదాన్ని. వేసి, తలుపు సందుకు చెవి పెట్టేదాన్ని.

ఒకనాడు పాట రాలేదు. మర్నాడూ రాలేదు. పీడ పోయిందని పండుగ చేసుకోవాల్సిన దాన్ని, నాకు అన్నం దిగలేదు. ఆ పాట ఎటుపోయినట్టు? ఎవరికైనా ఇచ్చేసిందా? ఆగలేక ఒక గిన్నె పట్టుకుని బయలుదేరాను.

“పాలల్ల తోడెయ్యనీకి జర చల్ల కావాలె,” అన్నాను గడపలో నిలబడి. మా ఇంట్లో కుండెడు చల్ల ఉంటుందని ఆమెకు తెలుసు. అయినా పీట వేసింది. పెట్టెకు చావి తిప్పి ప్లేటు పెట్టింది. జల్లెడలో ఇసుక పోసినట్టు ఒకటే గరగర. ఆ ఇసుక అడుగున ఎక్కడో ఆ ఆడమనిషి గొంతు ఉన్నట్టూ ఉంది, లేనట్టూ ఉంది.

“అరిగిపాయె అక్కా. కొత్త ముల్లులు లెవ్వు, మొద్దు ముల్లుతోనే రోజు పెట్టిన. నీకు ఇనపడాలెనని పెట్టెను గడప కాడికి జరిపి పెట్టిన.”

“నాకెందుకు ఇనపడాలె?”

“ఇంటే ఒస్తవని. గా ఇంట్ల ఉన్నప్పుడు గీ ప్లేటు పెడితె నీ రోకలి ఆగేది. ఇంకే ప్లేటుకు ఆగకపోయేది. అందుకే పగటీలి ఇదే పెడుతుంటి. పాళ్లు ఏసిననాడు నువ్వు దూలం దిక్కు చూస్తుంటె ఎరుకైంది, ఇది గా కుప్పల ఉన్నదని. నువ్వు తీస్కపోతే పెట్టె నా కాడ, పాట నీ కాడ. ఇద్దరికి ఏం మిగుల్తది?”

కళ్లనీళ్లు పెట్టుకున్నానని రాస్తే అబద్ధం. నాకు కొత్తగా ఇంకో కుళ్లు పుట్టింది. చెవులు నాకే ఉన్నాయనుకున్నాను. ఆమె పాటా విన్నది, నా రోకలీ విన్నది. పైగా ఆ పాటను అరిగేదాకా విన్నది. నేను తలుపు సందులోంచి సగం సగం విన్నాను. ఇప్పుడు విందామని వస్తే లేదు.

“దొడ్డి ఊడ్సుకుంట నువ్వు పాడేది గూడ ఇన్న,” అన్నది ఆమె ప్లేటు ఆపుతూ. “పెట్టె ఉన్నదని అందరు నా చుట్టు కూసుంటరు. గొంతైతె నీకే ఇచ్చిండు దేవుడు. నీ గొంతంటె నాకు శానా కుళ్లు అక్కా. జర పాడు.”

కుళ్లు! ఆమెకు, నా మీద! ఆ మాట ఆ యేడు వచ్చిన ఆరు ప్లేట్ల కన్నా హాయిగా ఉంది నా చెవికి. ఇంకోసారి అంటుందేమోనని కాసేపు ఆగాను కూడా.

పాడాను. ముందు పక్క, ఆ తిట్లన్నీ, ఒక్కటి వదలకుండా. సగం మబ్బుకు, సగం ఆమెకు. ఆమె పెట్టె మీద చెయ్యి వేసుకుని కదలకుండా విన్నది. తిట్లు అయిపోగానే ఆపేసి గిన్నె తీసుకున్నాను.

“వెనక పక్క?” అన్నది ఆమె లేచి నిలబడి.

“గది మా ఇంట్ల పాడ్త,” అన్నాను. “కావాల్నంటె రా.”

తెల్లవారి నేను రోకలి పట్టుకోకముందే ఆమె మా గడపలో కూర్చుని ఉంది.