కోదాడ అమ్మమ్మతో కాలేజీకి

ఆ రోజుల్లో సూర్యాపేటలో ఒక ఏడాది హైదరాబాదులో చదివొచ్చిన ఆడపిల్ల అంటే సగం దొరసానితో సమానం. నేను చార్మినార్ ఎక్కాను, ట్యాంక్‌బండ్ మీద గాలి పీల్చాను, ఇరానీ హోటల్‌ని బయటి నుంచి చూశాను. అంతమాత్రానికే మా వీధిలో నాకు "పట్నం పిల్ల" అని పేరు వచ్చింది. కాళ్లకు చెప్పులేసుకుని నీళ్లకు వెళ్లేదాన్ని, ఎవరైనా పలకరిస్తే కొంచెం ఆలస్యంగా బదులు చెప్పేదాన్ని (హైదరాబాదులో మర్యాదస్తులు అలాగే చేస్తారని నేనే కనిపెట్టాను). రజాకార్ల గోల సద్దుమణిగి ఇంకా ఏడాది కాలేదు. ఊళ్లో పోలీసు క్యాంపులున్నాయి, ఆఫీసుల బోర్డులు మారుతున్నాయి, మేం ఉర్దూలో చదివిన చదువంతా ఇకమీదట ఇంగ్లీషులో ఉంటుందని చెప్పుకుంటున్నారు. దేశం అంతటా ఇంత జరుగుతుంటే నా దిగులు మాత్రం వేరు. నాతోపాటు కాలేజీలో చదివిన మా పెద్దనాన్న కూతురికి ఆ వేసవిలో పెళ్లయిపోయింది. బాపు భోజనం చేసి చేయి కడుక్కుంటూ, వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పాడు: "అక్క లేకుంట నిన్నొక్కదాన్నే పట్నం పంపుడు నాతోని కాదు బిడ్డా. తోడుంటె సూస్త. లేకుంటే ఇగ చదువు ఖతం."

తోడు ఎక్కడి నుంచి తేవాలి? మా పాత బడి పెద్దసారు దగ్గరికి వెళ్లి గోడు వెళ్లబోసుకుంటే, ఆయన ముక్కుపొడుం పీల్చి, "ఇద్దరు పిల్లలు మెట్రిక్ పాసైన్రు. బీదోళ్లు. తోలేటోళ్లు లేరు, తోవ సూపెటోళ్లు లేరు. నువ్వు సూపరాదు?" అన్నాడు. ఆ విధంగా నేను పరోపకారిని అయ్యాను.

ఒక పిల్లది మిర్యాలగూడ. తండ్రి లేడు, సూర్యాపేటలో మేనమామ ఇంట్లో ఉండి చదివింది. మేనమామకు గాజుల దుకాణం. ఈ పిల్ల ఏం అడిగినా ముందు నేలను చూసి, తర్వాత మనల్ని చూసి, "నిమ్మలంగ చెప్త" అనేది. అందుకని నిమ్మళం అని పేరు పెట్టాను. రెండో పిల్లది కోదాడ. మిరపతోటల్లో కూలికి వెళ్లే క్రైస్తవుల ఇంటి పిల్ల, మిషను వాళ్ల బోర్డింగులో ఉండి మా బడిలోనే చదివింది. చర్చిలో పాటలు పాడి పాడి దాని గొంతు ఎంత గట్టిపడిందంటే, అది రహస్యం చెబితే పక్క వీధిలో తలుపులు తెరుచుకునేవి. దానికి గంట అని పేరు. తల్లి లేని గంటను పెంచింది అమ్మమ్మ. మనవరాలితోపాటు ఆమె కూడా కోదాడ నుంచి వచ్చి, చర్చి ఆవరణలో చుట్టాలింట్లో దిగింది. రోజూ మా అరుగు చివర కూర్చుని, పొగాకు నములుతూ, నా పాఠాలన్నీ ఆసాంతం వినేది.

కాలేజీలో ఉచితంగా చేర్చుకుని హాస్టల్లో అన్నం పెట్టే చోటు దొరికితే తప్ప వీళ్లిద్దరూ చదవలేరు. దానికి పెద్ద మేడమ్ ఎదుట నిలబడి జవాబులు చెప్పాలి. నేను నా అనుభవాన్నంతా రంగరించి పోశాను. ఇంగ్లీషు తప్ప మరో మాట నోట్లోంచి రాకూడదని ఆంక్ష పెట్టాను. ఎందుకు చదవాలనుకుంటున్నావని అడిగితే "దేశసేవ కోసం" అనే ముక్కని ఇంగ్లీషులో బట్టీ పట్టించాను. నడక నేర్పాను, కూర్చోవడం నేర్పాను, నవ్వీ నవ్వనట్టు నవ్వడం నేర్పాను (నిమ్మళం ఆ నవ్వు నవ్వితే పంటినొప్పిలా ఉండేది). అన్నిటికన్నా ముఖ్యం, గది గుమ్మంలో ఆగి "మే ఐ కమిన్" అనడం. మా ఇంట్లో తలుపున్న గది వంటిల్లొక్కటే. కాబట్టి అదే ప్రిన్సిపాల్ గది, లోపల పొయ్యి ఊదుతున్న మా అమ్మే ప్రిన్సిపాల్.

మొదట్లో అమ్మకు ఇది మింగుడు పడలేదు. నిమ్మళం సంగతి సరే, గంట మా వంటింటి గడప దగ్గరికి రావడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. గంట గడప అవతలే నిలబడి, "మే ఐ కమిన్" అని పెంకులు అదిరేలా అరిచేది, అమ్మ విననట్టు పప్పు కలుపుకునేది, గంట వెనక్కి తిరిగేది. రోజూ ఇదే తంతు. ఒకరోజు పులుసు పొంగుతుంటే, చేతులు రెండూ పిండిలో ఉండి, అమ్మ తల తిప్పకుండానే, "కమిన్, కమిన్. జర ఆ గిన్నె దించు బిడ్డా, మాడుతున్నది" అంది. గంట వెళ్లి గిన్నె దించింది. దించాక ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అమ్మ "నిలవడితివేంది, ఉప్పందియ్యి" అంది. ఆ రోజు నుంచి గంట మా వంటింట్లోనే అన్నం తిన్నది. నా పాఠాల వల్ల ఆ వేసవిలో జరిగిన మేలు ఏదైనా ఉంటే అదొక్కటే, అదీ నేను అనుకుని చేసింది కాదు.

ప్రయాణం దగ్గరపడ్డాక అమ్మమ్మ బాంబు పేల్చింది. "నేను సూడకుండా పిల్లను పంపనమ్మా. ఆ గోడలెట్టా ఉంటయ్యో, ఆ బావి ఎట్టా ఉంటదో, ఆ పెద్దమ్మ ఎట్టాంటిదో నా కళ్లతో సూసుకోవాలి" అంది. కాలేజీకి అమ్మమ్మలు రారని నేను ఎంత చెప్పినా, "రాకపోతే ఇప్పుడొత్తా" అని సంచీ సర్దుకుంది. సంచీతోపాటు గుడ్డ కట్టిన పెద్ద మామిడికాయ ఊరగాయ జాడీ.

సర్కారు బస్సులో బాపు ముందు మగవాళ్లతో, మేం నలుగురం వెనక. నకిరేకల్ దాటాక మిలిటరీ వాళ్లు బస్సు ఆపారు. మగవాళ్లందరినీ దించి రోడ్డు పక్కన నిలబెట్టి, ఒక సిపాయి లోపలికి వచ్చి, అమ్మమ్మ ఒళ్లోని జాడీ చూసి ఆగిపోయాడు. తుపాకీతో దాన్ని చూపించి ఏదో అడిగాడు. నేను లేచి గొంతు సవరించుకుని ఉర్దూలో చెప్పాను, అతనికి ఉర్దూ రాదు. ఇంగ్లీషులో చెబుదామంటే, ఊరగాయను ఇంగ్లీషులో ఏమంటారో ఆ ఏడాది నేను చదివిన ఏ పాఠంలోనూ లేదు. "దిస్ ఈజ్... మ్యాంగో... బట్ ఓల్డ్" అన్నాను. సిపాయి రెండడుగులు వెనక్కి వేశాడు. అమ్మమ్మ విసుక్కుని, "ఊరగాయ నాయనా, ఊరగాయ" అని గుడ్డ విప్పింది. అతని మొహం వెలిగిపోయింది. "ఊరుగాయా" అన్నాడు. అరవ అబ్బాయి, ఎన్నాళ్లయిందో ఇంటి తిండి తిని. అమ్మమ్మ ఒక ముక్క అతని అరచేతిలో పెడితే, తుపాకీ చంకలో ఇరికించుకుని అక్కడే నిలబడి తిన్నాడు. బస్సు కదిలాక గంట నాతో మెల్లగా అంది (అంటే బస్సంతా వింది): "అక్కా, నువ్వు ఇంగ్లీషు మాట్లాడకుంటే ఇంకా బిరాన ఒదిలేటోడేమో."

కాలేజీ గేటు లోపలికి మగవాళ్లను రానివ్వరు. బాపు చౌకీదారు బల్ల మీద కూలబడ్డాడు. మేం పెద్ద మేడమ్ గది ముందు నిలబడ్డాం. పిల్లలిద్దరికీ చివరిసారి జాగ్రత్తలు చెబుతున్నాను. ఇంతలో మమ్మల్ని దాటుకుని అమ్మమ్మ గుమ్మంలోకి వెళ్లి, వేసవంతా విన్నది వృథా పోనీయకుండా, "మేయ్ ఐ కమిన్" అంది. లోపలి నుంచి "కమిన్" అని వినిపించింది. ఆమె వెళ్లి కుర్చీలో కూర్చుంది. మేం వెనకాల పరుగెత్తాం.

పెద్ద మేడమ్ తల నెరిసిన మనిషి, మందపాటి అద్దాలు, మాట్లాడేది ఉర్దూ. తెలుగు ఒక్క ముక్క రాదు. ఎవరు ఏమిటని ఆమె అడిగేలోపే అమ్మమ్మ నా వైపు తిరిగింది. "రేత్రిపూట తాళం ఎవరికాడ ఉంటదో అడుగు." అడిగాను. తన దగ్గరే ఉంటుందని మేడమ్ చెప్పింది. అమ్మమ్మ తల ఊపి, "ఈమెకు మొగుడూ పిల్లలూ ఉన్నారా అడుగు. కననోళ్లకు కడుపుతీపి ఏం తెలుసుద్ది?" అంది. ఆ మాట ఆమెతో ఎలా అనేది? చిరునవ్వు తెచ్చుకుని, "అమ్మమ్మ మీ ఆరోగ్యం ఎలా ఉందని అడుగుతున్నారు" అని ఉర్దూలో చెప్పాను. మేడమ్ మెత్తబడి, మోకాళ్ల నొప్పులని చెప్పింది.

"ఏమంది?" అంది అమ్మమ్మ.

"మోకాళ్ల నొప్పులట."

"మొగుడికా?"

నేను ఇంకో అబద్ధం వెతుక్కుంటుంటే, వెనక నుంచి నిమ్మళం గొంతు వినిపించింది. నేల చూసింది, మేడమ్‌ని చూసింది, ఉర్దూలో నిదానంగా, ఒక్క తప్పు లేకుండా చెప్పింది: "మేడమ్, అమ్మమ్మ అడిగింది అది కాదు. మీకు భర్తా పిల్లలూ ఉన్నారా, లేకపోతే పిల్లల మీద మమకారం ఎలా తెలుస్తుంది అని అడిగింది." నా చదువు, వాళ్ల చదువు, అన్నీ అయిపోయాయనుకున్నాను. మేడమ్ అద్దాలు తీసి తుడుచుకుంది. "లేరని చెప్పు. ఈ హాస్టల్లో జ్వరమొచ్చిన ప్రతి పిల్ల నుదుటి మీదా తడిగుడ్డ వేసింది మాత్రం నేనే. అదీ చెప్పు" అంది. నిమ్మళం అదీ అలాగే చెప్పింది. అమ్మమ్మ కాసేపు ఆమె చేతుల వైపు చూసి, "అయితే సరే" అంది.

ఇక మేడమ్ నన్ను పక్కకు జరగమని, నిమ్మళాన్ని అడిగింది, ఎందుకు చదువుతానంటున్నావని. దేశసేవ అంటుందని నేను పెదాలు కదిపి అందించబోయాను. "దుకాణంలో కూర్చునుడు నాకొస్తది మేడమ్. చదువు ఇంకా సగమే వచ్చింది. సగంల ఇడిసిపెట్టుడు ఇష్టం లేదు" అని ఉర్దూలో చెప్పింది ఆ పిల్ల. తర్వాత గంట. గంట నా శిష్యురాలు, ఇంగ్లీషులో "దేశసేవ కోసం మేడమ్" అని అరిచిన అరుపుకి బయటి నుంచి చప్రాసీ పరుగెత్తుకొచ్చాడు. "ఎలా చేస్తావు?" అని మేడమ్ అడిగింది. ఆ ప్రశ్న నేను నేర్పలేదు. గంట గొంతు మొట్టమొదటిసారి తగ్గిపోయింది. తెలుగులో చెప్పింది: "మా కోదాడలో ఆడోళ్లను సూసే డాక్టరమ్మ లేదు. మా అమ్మ నన్ను కని చనిపోయింది. అందుకని." నిమ్మళం దాన్ని ఉర్దూలో చెబుతుంటే అమ్మమ్మ కిటికీ బయటికి చూస్తూ కూర్చుంది.

ఉచితంగా ఇచ్చే చోటు ఒక్కటే మిగిలిందని మేడమ్ చెప్పింది. పిల్లలిద్దరూ ఒకరి వెనక ఒకరు దాక్కోబోయారు. అమ్మమ్మ వాళ్లను పైనుంచి కిందికి చూసి, "ఇద్దర్నీ కలిపితే ఒక మనిషి. ఒక మంచం, ఒక కంచం సాలు" అంది. నిమ్మళం అది కూడా మార్చకుండా చెప్పింది. మేడమ్ నవ్వింది. ఇంకో చోటుకి పైవాళ్లకు రాస్తానని, అది వచ్చేదాకా ఇద్దరూ మా అక్క ఖాళీ చేసిన మంచం మీద, నా గదిలో సర్దుకోమని చెప్పింది. (రెండో చోటు దసరాకి వచ్చింది. అంతదాకా గంట నిద్రలో కూడా పాటలు పాడుతుందన్న సంగతి నేను, నిమ్మళం పంచుకున్నాం.) ఊరగాయ జాడీ మేడమ్ బల్ల మీదే ఉండిపోయింది. గేటు దగ్గర బాపు లేచి నిలబడి ఏమైందన్నాడు. ఇద్దరికీ దొరికిందని చెప్పాను. "అయితే నీకు తోడు దొరికినట్టే" అని, కొంచెం దిగులుగా, కొంచెం గర్వంగా తువ్వాలు దులుపుకున్నాడు. నన్ను ఇంటి దగ్గరే ఉంచుకోవచ్చని ఆయన ఎంత ఆశపడ్డాడో అప్పుడు తెలిసింది.

మరుసటి వేసవికి మా అరుగు మీద ఇంకో నలుగురైదుగురు ఆడపిల్లలు చేరారు. ఈసారి నిమ్మళం లెక్కలు, గంట ఇంగ్లీషు చెప్పేవాళ్లు. నాది సహజంగానే పర్యవేక్షణ. ఒక మధ్యాహ్నం మజ్జిగ పట్టుకుని వస్తూ తలుపు చాటున ఆగాను. హుజూర్‌నగర్ నుంచి వచ్చిన కొత్త పిల్ల ఒకతి బెరుగ్గా, "పట్నం అక్క జెప్పినట్టే నడవాల్నా, గట్లనే నవ్వాల్నా?" అని అడుగుతోంది. నిమ్మళం నేల చూసి, ఆ పిల్లను చూసి, చెప్పింది: "ఆమె జెప్పింది ఇనకు. ఆమె ఎంబడి పో. గంతే సాలు."

ఆ రోజు అలిగి మజ్జిగ మొత్తం నేనే తాగేశాను. గంట డాక్టరమ్మ అయ్యి, నిమ్మళం మిర్యాలగూడలో లెక్కల టీచరయ్యి, నా అలకలు తీర్చేవాళ్లు తరిగిపోయాక, ఇప్పుడు ఆ మాట తలచుకుంటే కోపం రావడం లేదు. చెప్పులు టకటకలాడించుకుంటూ, పలకరిస్తే ఆలస్యంగా బదులు చెబుతూ సూర్యాపేట వీధిలో నడిచిన ఆ పిల్ల కనిపిస్తుంది. దానికి ఏమీ తెలియదు. కానీ ఎంత ధైర్యంగా ముందు నడిచిందో.