ఆచార్యులవారి విచారణ

మా ఆచార్యులవారు ఏదీ నమ్మరు. ముప్పయ్యేళ్ళుగా దేశదేశాల చట్టాలను పక్కపక్కన పెట్టి పోల్చిన మనిషి. ఒక దేశంలో చెల్లిన పెళ్ళి సరిహద్దు దాటగానే చెల్లకుండా పోవడం చూశారు. ఆ తరువాత గోడ మీది గడియారం కూడా ఆయన దృష్టిలో ముద్దాయే.

లా కాలేజీలో ఆయన గదిలోనే, ఎదురు బల్ల దగ్గర నేను ఆరేళ్ళు పనిచేశాను. మొదటి రోజు నమస్కారం పెట్టాను.

"ఎందుకు?" అన్నారు.

శుభలేఖ ఇస్తే రెండుసార్లు చదివి, "వరుడు ఈ ఊళ్ళో ఎన్నాళ్ళుగా ఉంటున్నాడు?" అని అడిగేవారు. ఇంటినుంచి భార్య ఫోన్ చేసి వాన పడుతోందంటే, "నువ్వు చూశావా, ఎవరైనా చెప్పారా?" అనేవారు. ఆవిడ జవాబు నా బల్లదాకా వినిపించేది: "తడిసి ముద్దై నిలబడ్డానండీ, మహానుభావా!"

అలాంటి మనిషి దగ్గరికి మా గ్రంథాలయ ఉద్యోగిని ఒక కోర్టు కాగితం తెచ్చింది. ఆమె భర్త పరదేశం వెళ్ళి అక్కడి కోర్టులో విడాకులు తీసుకున్నాడు. ఐదేళ్ళ కూతురు తనకే చెందాలని తీర్పులో రాయించుకున్నాడు. ఇక్కడి కోర్టు ఆ తీర్పును ఒప్పుకుంటే పిల్ల వెళ్ళిపోతుంది.

ఆచార్యులవారు కాగితాన్ని వెలుతురుకెత్తి చూశారు. తరువాత ఆమెను కూడా అలాగే చూశారు.

"ఆయన ఎప్పుడు వెళ్ళాడు?"

"చలికాలం చివర్లో సార్."

"చలికాలం తేదీ కాదమ్మా. అక్కడి కోర్టు నోటీసు అందలేదంటున్నావు. అందితే చించేశావేమో?"

ఆమె కళ్ళు నిండాయి. నాకు ఒళ్ళు మండింది.

"మాస్టారూ, ఆవిడ ముద్దాయి కాదు."

"కాదని నీకెవరు చెప్పారు?"

పది రోజులు ఇదే వరస. పాత ఉత్తరాలు, ప్రయాణపు టిక్కెట్టు నకలు, అద్దె రసీదులు తెప్పించారు. అడిగిందే మళ్ళీ అడిగారు. రెండో రోజు ఆమె ఏడ్చింది. తొమ్మిదో రోజు విసుక్కుంది.

"ఎన్నిసార్లడిగినా అదే సార్! మార్చి నాలుగున వెళ్ళాడు. అదే ఏడాది అక్టోబరులో తీర్పు. ఏడాది అక్కడ ఉంటేగానీ ఆ కోర్టు కేసు వినకూడదని మీరే చెప్పారుగా. నోటీసేమో మేం ఖాళీ చేసిన ఇంటికి పంపారు!"

"అరవకు. నిదానంగా చెప్పు," అన్నారాయన.

ఇక్కడి కోర్టులో విచారణ రోజు ఆయన రానన్నారు. "నేనుంటే ఆ అమ్మాయి జవాబుకోసం నా మొహం చూస్తుంది. నువ్వెళ్ళు."

భర్త తరఫు లాయరు గంటసేపు గుచ్చి గుచ్చి అడిగాడు. ఆమె గొంతు ఒక్కసారీ వణకలేదు. పరదేశపు తీర్పు ఇక్కడ చెల్లదని కోర్టు తేల్చింది. బయటికి రాగానే ఆమె నావైపు తిరిగింది.

"ఇంతేనా అండీ? మా సార్ మొదటి రోజే ఇంతకంటే ఎక్కువ అడిగారు!"

అప్పటికిగానీ నాకు ఆ పది రోజులు అర్థం కాలేదు. వెంటనే ఆయనకు ఫోన్ చేశాను.

"పిల్ల తల్లిదగ్గరే ఉంటుంది మాస్టారూ."

"ఆ అమ్మాయి ఏడ్చిందా?"

"లేదండీ."

అవతల దస్త్రం మూసిన చప్పుడైంది.

"సరే," అన్నారు. ఇంకేమీ అడగలేదు.

ఫోన్లో ఉన్నది ఆయనేనా అని నాకు అనుమానం వచ్చింది.