ఎద్దెక్కిన అక్కయ్యగారు

మొన్న ఆదివారం రాజమండ్రి నుంచి ఫోన్. "అమ్మ వెళ్ళిపోయింది ఆంటీ" అంది అక్కయ్యగారి అమ్మాయి. తొంభైల్లో దోహాలో, ఉమ్ ఘువైలినా అనే పేటలో, మా పక్క ఫ్లాటు వాళ్ళది. మా ఆయనా, వాళ్ళాయనా ఒకే కంపెనీ.

అక్కడ సెలవైన శుక్రవారం, తెలుగు క్రైస్తవుల ప్రార్థన కూటం నుంచి వచ్చాక ఆవిడ చిక్కుడుకాయలు ఒలుస్తూ టీవీలో అమెరికావాళ్ళ ఎద్దు స్వారీ చూసేవారు. ఎనిమిది సెకన్లు పడకుండా కూర్చోవాలి. ఒక చెయ్యి తాడు మీద, రెండోది గాల్లో. అది ఎద్దుకు తగిలితే ఓడినట్టే. ఆవిడ ఎప్పుడూ ఎద్దు పక్షమే. "ఆడికి టోపీ ఉంది, చప్పట్లున్నాయి. పాపం దానికేముందమ్మాయ్?" అనేవారు.

ఒక చలికాలం దోహాకి ఉత్తరాన అల్ ఖోర్ ఊళ్ళో కంపెనీ కుటుంబాల వేడుకకి ఎద్దులా ఎగిరే యంత్రం తెచ్చారు. ఆడవాళ్ళకి బహుమతి మిక్సీ. నేను ఏ పనైనా పద్ధతిగా చేస్తాను. ముందు ఎక్కినవాళ్ళు ఎటు పడుతున్నారో గమనించి, కుచ్చిళ్ళకి పిన్నులు పెట్టుకుని ఎక్కాను. ఎక్కి, స్కూటర్ మీదలా ఒక పక్కకి కూర్చున్నాను.

మొదటి మలుపుకే కింద ఉన్నాను. చీర మోకాళ్ళ పైకి లేచింది. మైదానమంతా నవ్వు. వీడియో తీస్తున్నాయన, "ఇంకోసారి మేడమ్, సరిగ్గా రాలేదు" అన్నాడు.

అక్కయ్యగారు వచ్చి తన శాలువా కప్పారు.

"ఇంటికి పోదామండీ" అన్నాను.

"ఉండు. ఈ బ్యాగు పట్టుకో."

అంత లావు మనిషి, చీర ఎగ్గట్టి, కాళ్ళు చెరోవైపూ వేసి ఎక్కారు. ఎడమ చెయ్యి పైకెత్తి, యంత్రం నడిపేవాడితో అరబ్బీలో "యల్లా", ఇక కానీ, అన్నారు. బస్తాలా పడ్డారు. కెమెరా అటు తిరిగింది. నన్ను చూసేవాళ్ళు లేరు. నేనూ నవ్వాను.

ఆ తర్వాత ఎక్కడ కలిసినా ఆవిడ 'ఎద్దు అక్కయ్య'. ఆ కథ తనే చెప్పేవారు, ప్రతిసారీ ఇంకాస్త ఎత్తు నుంచి పడుతూ. ఎవరైనా నా వైపు చూస్తే, "ఈ పిల్ల ఆ టైముకి బిర్యానీ లైనులో ఉందిలెండి" అనేవారు. నేను తలొంచుకుని టీ కప్పులు అందించేదాన్ని.

ఆదివారం సాయంత్రం ఆనాటి స్నేహితురాలికి కబురు చెప్పాను. "అయ్యో, ఆ ఎద్దు మీంచి పడ్డావిడేనా?" అంది. గొంతులో నవ్వు ఆపుకుంటోంది.

"ముందు పడింది నేను" అన్నాను.

ఇన్నేళ్ళ తర్వాత కూడా నా ముఖం వేడెక్కింది.

ఫోన్ పెట్టేశాక అక్కయ్యగారు పైకెత్తిన ఆ చెయ్యే కనిపిస్తోంది. గాజులు మోచేతి దాకా జారి, దేన్నీ పట్టుకోకుండా, గాల్లో.