పెరటి దారి చుట్టాలు

ఎనభైల మొదట్లో రాజమండ్రిలో మాకున్నంత మంది చుట్టాలు ఇంకెవరికీ లేరని మా వీధిలో వాళ్ళు అనుకునేవారు. పొద్దున్నే ఒకరు అరటి గెలతో వచ్చేవారు, మధ్యాహ్నం ఒకరు పనసకాయతో. అందరూ పక్క సందులోంచి పెరటి గుమ్మంలోకే వచ్చేవారు. వాళ్ళలో ఒక్కరి పేరూ నాకు తెలియదు.

మా ఆయన మనసు జబ్బుల డాక్టరు. మెయిన్ రోడ్డుకి దగ్గరలో ఆయనకొక క్లినిక్ ఉండేది, బోర్డుతో సహా. ఆ బోర్డు కింద నుంచి లోపలికి వెళ్తూ ఎవరి కంటైనా పడితే ఆ ఇంట్లో పిల్లలకు సంబంధాలు రావు. అందుకని క్లినిక్‌కి, పోయేందుకు పరువేమీ మిగలనివాళ్ళు వెళ్ళేవారు. పరువున్నవాళ్ళు మా పెరట్లోకి వచ్చేవారు. మా జిల్లాల్లో పరువున్నవాళ్ళు ఎక్కువ.

ఆయన నూతి గట్టు దగ్గర పళ్ళు తోముకుంటుంటే పక్కన ఒకాయన నిలబడి, తనకు బతకాలని లేదని చెప్పేవాడు. అన్నం తింటుంటే వెనక అరుగు మీద ఒకావిడ కొడుకు సంగతి చెప్పి ఏడ్చేది. పెళ్ళికి వెళ్తే పంక్తిలో ఆయన పక్క చోటు కోసం పోటీ. ఒకసారి ఒక బట్టల వ్యాపారి, పులిహోర వడ్డిస్తున్నంతసేపూ పెళ్ళివారి మర్యాదల గురించి మాట్లాడి, వడ్డించే మనిషి దాటగానే, "గుండె దడండి. ఎవరో తరుముతున్నట్టుంటుంది" అన్నాడు.

"రేపు పెరటి వైపు రండి" అన్నారు మా ఆయన.

మందులకంటే ముందు ఆయన అందరికీ ఒకే మాట చెప్పేవారు. పదిహేను రోజులు పని మానండి, ఊరు మారండి, వేళకు పడుకోండి. అందరూ శ్రద్ధగా తలూపి, వెళ్ళి ఎప్పటి పనిలో పడేవారు. ఆ మాట పెడచెవిన పెట్టినవాళ్ళలో మొదటివారెవరో వేరే చెప్పనక్కర్లేదు.

కొన్నాళ్ళకు ఆయన స్నానాల గదిలో ఎక్కువసేపు ఉండడం మొదలుపెట్టారు. కుళాయి తిప్పి ఊరికే కూర్చునేవారు. పెరటి చుట్టాలు రాలేని గది ఇంట్లో అదొక్కటే. బయటికి వచ్చాక తువ్వాలు పొడిగా ఉండేది. ఒకనాడు ఒక ముసలాయన, భార్య పోయిన సంగతి చాలాసేపు చెప్పుకుని వెళ్ళాడు. ఆయన అటు వెళ్ళగానే, "ఇప్పుడాయన ఏం చెప్పారు?" అని మా ఆయన నన్నడిగారు. చేతిలో కాఫీ గ్లాసు ముట్టకుండానే చల్లారిపోయింది. నాకు భయం వేసింది.

"ఏమండీ, ఇలాంటి మనిషి మీ దగ్గరికొస్తే ఏం చెప్తారు?"

"ఊరు మారమంటాను."

"మరి?"

"నేను డాక్టర్ని కదా" అన్నారు, అదేదో టీకా అయినట్టు.

చివరికి ఒప్పుకున్నారు. క్లినిక్‌కీ పెరటి తలుపుకీ తాళాలు వేసి ఉప్పాడ వెళ్ళాం. నేతవాళ్ళ వీధిలో తెలిసినవాళ్ళు ఒక గది ఇచ్చారు. పక్కింట్లో పగలంతా మగ్గం చప్పుడు. ఆ చప్పుడుకి నిద్ర పట్టదేమో అనుకున్నాను. మొదటి మధ్యాహ్నమే ఆయన చాప మీద ఒరిగి సాయంత్రం దాకా లేవలేదు. మర్నాడు ఒడ్డు దాకా నడిచాం. కిందటేడు ఇక్కడ ఇళ్ళుండేవని, సముద్రం తినేసిందని అక్కడివాళ్ళు చెప్పారు. కాస్త దూరం వచ్చాక, "దీనికి మాత్రం నన్నెవరూ మందు రాయమనలేదు" అన్నారాయన. ఆయన హాస్యమాడి చాలా రోజులైంది.

ఇక్కడ రాజమండ్రిలో మా పెరటి తాళం సంగతి పరువున్నవాళ్ళు ఒకరితో ఒకరు అనుకోలేరు. అనుకుంటే తాము పెరట్లోకి ఎందుకెళ్ళారో చెప్పాలి. అయినా ఎలాగో ఊరంతా పాకింది. పిచ్చి డాక్టరుకే పిచ్చెక్కిందట, కట్టేసి ఎక్కడికో తీసుకెళ్ళారట. ఏ జబ్బూ లేని మనిషి పని ఎందుకు మానతాడు?

వారం తిరక్కుండానే మా ఆయన అక్కగారు టాక్సీ కట్టించుకుని ఉప్పాడ వచ్చారు. ఆవిడ కూతురికి భీమవరం సంబంధం దాదాపు ఖాయమైంది అప్పటికి.

"తమ్ముడూ, నీకేం లేదని నాకు తెలుసురా."

"అయితే కూర్చో, కాఫీ తాగు."

"ఆ భీమవరం వాళ్ళకి తెలియాలి కదా. మేనమామకుంటే పిల్లకి రాదా అని అడిగిస్తున్నారు. నువ్వొచ్చి క్లినిక్‌లో కూర్చో. తలుపులు తీసి పెట్టు. ఇస్త్రీ చొక్కా వేసుకో."

"ఇంకో వారం ఆగకూడదా వదినగారూ" అన్నాను.

"ఇంకో వారం ఆగితే ఆ అబ్బాయికి ఇంకో పిల్ల దొరుకుతుందమ్మా. నిద్రేగా, ఇంటికొచ్చి పడుకోవచ్చు."

ఆయన నావైపు చూడకుండా సంచి సర్దుకున్నారు.

క్లినిక్ తలుపులు బార్లా తీసుకుని కూర్చున్న మూడో రోజున పెళ్ళికొడుకు తండ్రే స్వయంగా వచ్చారు. పొలాలూ చెరువులూ ఉన్న పెద్దమనిషి. రోగి కారు కనక బోర్డు కింద నుంచి దర్జాగా లోపలికి వచ్చారట. వానల గురించి, ధవళేశ్వరంలో కాలవలకు నీళ్ళు వదలడం గురించి మాట్లాడి, మా ఆయన మతి కుదురుగానే ఉందని తేల్చుకున్నారు. లేవబోతూ తలుపు కాస్త దగ్గరగా వేశారు.

"డాక్టరుగారూ, నాకు కొన్నేళ్ళుగా నిద్ర లేదండి. ఏం చెయ్యమంటారు?"

"పెరటి వైపు రండి" అన్నారట మా ఆయన. ఆ సాయంత్రం ఇంటికొచ్చి ఆ సంగతి చెప్పి, స్నానాల గదిలోకి వెళ్ళి కుళాయి తిప్పారు.

పెళ్ళి బాగా జరిగింది. ఆయన మళ్ళీ ఊరు కదల్లేదు. ఆ తర్వాత రెండో వర్షాకాలంలో, పెరట్లో ఎవరి గోడో వింటూ కుర్చీలోనే పోయారు. డాక్టరుగారు కళ్ళు మూసుకుని శ్రద్ధగా వింటున్నారనుకుని, ఆ మనిషి ఇంకాసేపు చెబుతూనే ఉన్నాడు.

పరామర్శకి అందరూ వచ్చారు. వీధి గుమ్మంలోంచే వచ్చారు. చావింటికి రావడంలో దాచుకునేదేముంది? "మనిషన్నాక కాస్త విశ్రాంతి ఉండాలండి" అని ఒకరి తర్వాత ఒకరు నాకు చెప్పారు. నేను తలూపాను.

దినాలయ్యాక ఒక మధ్యాహ్నం పెరటి తలుపు చప్పుడైంది. భీమవరం వియ్యంకుడు గారు, చేతిలో పనసకాయతో.

"ఎంత అన్యాయం జరిగిందమ్మా." వెనక తలుపు కాస్త దగ్గరగా వేశారు. "నాకు ఆ బిళ్ళలు ఇంకెవరు రాస్తారండి?"

"విశాఖపట్నంలో పెద్ద డాక్టర్లున్నారండి."

"అంత దూరం ఎందుకెళ్ళానని అడుగుతారు కదమ్మా."

"పోనీ, బిళ్ళలు కాక ఆయన మీకేం చెప్పారు?"

"పదిహేను రోజులు పని మాని ఊరు మారమన్నారు."

"వెళ్ళారా?"

ఆయన నావైపు జాలిగా చూశారు. "మీరే అలా అంటే ఎలాగమ్మా. డాక్టరుగారు వెళ్తే జనం ఏమన్నారో చూశారుగా."

అన్నవాళ్ళలో తానూ ఉన్నానన్న సంగతి ఆయనకు గుర్తున్నట్టు లేదు. పనసకాయ అరుగు మీద పెట్టి, వీధిలో ఎవరూ లేరని చూసుకుని, సందులోంచి వెళ్ళిపోయారు.