చివరి బెంచీలో లేచిన చెయ్యి

డెబ్బైల్లో, బి.ఎడ్. ట్రైనింగుకని ఖుర్సీపార్ అనే తెలుగువాళ్ళ పేటలోని ఒక హైస్కూల్లో నేను పాఠం చెబుతుంటే, ఆ క్లాసు మాస్టారు చివరి బెంచీలో కూర్చునేవారు. నా ప్రశ్నకు పిల్లలు నోరు మెదపకపోతే తనే చెయ్యెత్తి, "నన్ను సెప్పీమంటావేటమ్మా?" అనేవారు. పిల్లలు నవ్వి, ఆయనకంటే ముందు చెప్పాలని పోటీపడేవారు.

మా బి.ఎడ్. లెక్చరర్ నాకు మార్కులు వెయ్యడానికి వచ్చిన రోజు క్లాసంతా బిగుసుకుపోయింది. వెనక ఆ చెయ్యి లేచింది. నాకు తల కొట్టేసినట్టయింది.

"చెయ్యి దించండి మాస్టారూ, నేనడిగింది పిల్లల్ని," అన్నాను.

"అలాగేనమ్మా," అని దించేశారు. ఎవరూ నవ్వలేదు. మర్నాటినుంచి ఆయన వరండాలోనే కూర్చున్నారు. లోపల ఒక్క చెయ్యీ లేవలేదు.

ఆఖరి రోజు ఆ మాస్టారే నా ట్రైనింగు రికార్డులో, 'క్రమశిక్షణ' అన్నచోట, "చాలా బాగుంది" అని రాసి సంతకం పెట్టారు. అది చూసి నేను సంబరపడ్డాను కూడా.