అయస్కాంతానికి అంటుకున్న కత్తులు

1968లో నన్ను నాంపల్లికి బదిలీ చేశారు. చిన్న పరిశ్రమలకు సలహాలిచ్చే ప్రభుత్వ కార్యాలయం. హోదా సహాయ సాంకేతికాధికారి. ఏ సరుకుకి ఏ ఉక్కు వాడాలో వర్క్‌షాపుల వాళ్లకి చెప్పడం నా పని.

స్టేషన్ వెనక సందులో కూరగాయల కత్తులు చేసే యాదగిరి, తుప్పు పట్టని కత్తి చెయ్యాలని నా దగ్గరకొచ్చాడు. తండ్రి మల్లయ్య నేర్పిన పని అది. ప్రతి కత్తి మీదా ఆయన పేరే అచ్చు కొట్టేవాడు. నూటికి పదమూడు పాళ్లు క్రోమియం, తగినంత కార్బన్ ఉన్న స్టెయిన్‌లెస్ ఉక్కు వాడమన్నాను. కాల్చి నూనెలో ముంచితే గట్టిపడుతుంది, మళ్లీ కాస్త వేడి చేస్తే పెళుసుదనం తగ్గుతుంది. గిన్నెలు చేసే ఉక్కులో నికెల్ కూడా ఉంటుంది. మెరుస్తుంది గాని, ఎంత కాల్చి ముంచినా మెత్తనే. పదును నిలవదు.

కత్తులు చక్కగా వచ్చాయి. కానీ నెల తిరక్కుండానే అబిడ్స్ దుకాణం వాళ్లు సరుకంతా వెనక్కి పంపేశారు. గిన్నెల ఉక్కుకి అయస్కాంతం అంటుకోదు, ఈ ఉక్కుకి అంటుకుంటుంది. అంటుకుంటే నకిలీ స్టీలని అప్పట్లో ఇంటింటా నమ్మకం.

“నాయిన పేరు పెట్టి దగా చేస్తున్ననంటున్రు సార్,” అన్నాడు యాదగిరి, తలెత్తకుండా.

నాకు ఒళ్లు మండింది. అతన్ని వెంటబెట్టుకుని ఆ దుకాణానికి వెళ్లాను. కొన్నాళ్లు వాడిన యాదగిరి కత్తితోనూ, గిన్నెల ఉక్కు కత్తితోనూ, కొనడానికొచ్చిన ఒకావిడ ముందు టమాటాలు కోసి చూపించాను. ఆవిడ ఓపిగ్గా చూశారు.

“మీదే బాగా తెగుతోందండీ. కానీ ఇంటికెళ్లాక మా అత్తగారు అయస్కాంతం పెట్టి చూస్తారు కదా,” అని మెత్తని ఉక్కుదే కొనుక్కున్నారు. ఆవిణ్ణి ఏమనగలను?

కొన్ని నెలల తర్వాత యాదగిరి వర్క్‌షాపుకి వెళ్తే, గిన్నెల ఉక్కుతో చేసిన కత్తులు కట్టలు కట్టి ఉన్నాయి. బాగా అమ్ముడుపోతున్నాయట. ఒకటి తీసి చూశాను. పేరు లేదు. ఎందుకని అడిగాను.

“ఇప్పుడు నన్ను దగాకోరని ఎవ్వరంటలేరు సార్. గానీ గిది వారం దినాలల్ల మొద్దుబారుతది. గీ కత్తి మీద నాయిన పేరెట్ల కొట్టాలె?”

నాకు దుఃఖం పొంగుకొచ్చింది. కత్తిని కట్టలో పెట్టేసి బయటికొచ్చేశాను.

ఆ తర్వాత నేనిచ్చిన ప్రతి సిఫారసులో గట్టిదనం, తుప్పు, ధరతో పాటు, కొనేవాళ్లు ఆ ఉక్కుని దేనితో పరీక్షిస్తారో కూడా రాశాను. కొందరికి అది పనికొచ్చింది. యాదగిరి మాత్రం మళ్లీ ఆ అచ్చు ముట్టుకోలేదు.